ఎవరూ కాల్చలేదు

"నేనే కాల్చాను. రాసుకోండి" అంది తల్లి.

పిల్లల వార్డులో చివరి మంచం దగ్గర శిశు సంక్షేమ అధికారిణి చేతిలో కలం కాగితం మీదే నిలిచిపోయింది. మంచం మీద ఆరేళ్ల పాప. పొట్ట మీద, మణికట్ల మీద, వేళ్ల సందుల్లో బఠాణీ గింజలంత నీటి బొబ్బలు. కొన్ని చితికి చీము పట్టాయి. ఎవరు చూసినా కాలిన బొబ్బలే అనుకుంటారు.

"దేంతో కాల్చారు?"

"గరిటెతో."

"పొద్దున సిగరెట్‌తో అన్నారు?"

"దాంతోనూ కాల్చాను."

"కన్నతల్లివేనా నువ్వు?" నర్సు ఉండబట్టలేక అనేసింది.

తల్లి తల దించుకోలేదు. "ఇంకెవర్నీ అడగక్కర్లేదు. తప్పు నాది. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

కాలిన గాయాలు ఎంత లోతో రాసివ్వడానికి చర్మవ్యాధుల డాక్టరమ్మ వచ్చింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని పాప చేయి పట్టుకుంది.

"నిన్నేమని పిలుస్తారమ్మా?"

"మిరియం."

"అంత ఘాటా నువ్వు?"

పాప నవ్వబోయి, మధ్యలోనే ఆపి పొట్ట గోక్కుంది.

"ఇవెలా వచ్చాయి మిరియం?"

"ఏమో. పడుకుని లేస్తే ఉంటాయి."

"నిద్రలో ఎవరైనా ఏమైనా చేశారా?"

"ఎవరూ చేయలేదు. వాటంతటవే వస్తాయి. చెబితే అమ్మ నమ్మదు."

"పసిదాన్ని బెదరగొట్టి అలా చెప్పిస్తున్నట్టున్నారు" అని అధికారిణి గొణిగింది. డాక్టరమ్మ మాత్రం పాప పాదం తిప్పి చూస్తోంది. మడమ పక్కన చిన్న బొబ్బ ఒకటి, ఇంకా చితకలేదు. లోపల నీరు తేటగా ఉంది.

"ఇదెప్పటిది?"

నర్సు వంగి చూసింది. "నిన్న సాయంత్రం నేనే ఒళ్లు తుడిచాను మేడమ్. అప్పుడిది లేదు."

"పాప ఇక్కడికొచ్చి ఎన్ని రోజులైంది?"

"ఇవాళ్టికి మూడో రోజు."

"మరి మీ అందరి కళ్ల ముందు దీన్నెవరు కాల్చారు?"

డాక్టరమ్మ చూపు తల్లి చేతుల మీదికి వెళ్లింది. ఆమె కూడా తనకు తెలియకుండానే మణికట్టు గోక్కుంటోంది.

బొబ్బ పక్కన వెంట్రుకంత సన్నటి గీత ఉంది. డాక్టరమ్మ దాని మీద చుక్క నూనె వేసి, బ్లేడుతో పైపైన గీకి, గాజు పలక మీదికి తీసుకుంది. పావుగంట తర్వాత అధికారిణిని లాబ్‌లోకి పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. గుండ్రటి పురుగు ఒకటి, పొట్టి కాళ్లు ఆడిస్తోంది. పక్కనే రెండు గుడ్లు.

"ఏంటండీ ఇది?"

"గజ్జి పురుగు."

"గజ్జికి ఇంతింత బొబ్బలా?"

"చాలా అరుదు. ఏ పిల్లకో, ఎప్పుడో ఇలా వస్తుంది. నేనూ పుస్తకాల్లో చదవడమే. వార్డులోకి రాగానే నేనూ కాలిందనే అనుకున్నాను."

అధికారిణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లేముందు తల్లి దగ్గర ఆగి, "ఏమీ అనుకోకమ్మా, మా పని అలాంటిది" అంది. నర్సు పాప తల నిమిరి, ముఖం తిప్పుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

తల్లి ముఖంలో మాత్రం సంతోషం లేదు. నెత్తురంతా ఎవరో తోడేసినట్టు పాలిపోయింది.

"ఎవరూ కాల్చలేదా?"

"లేదమ్మా."

"సిగరెట్‌తో కూడా?"

"దేంతోనూ లేదు. పురుగు చర్మంలో దూరితే ఒళ్లు తట్టుకోలేక బొబ్బలెక్కింది. అంతే."

"నిజంగా ఎవరూ కాల్చలేదా?" మళ్లీ అదే ప్రశ్న.

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నువ్వు చేయలేదని నీకు తెలుసు. మరి చేశానని ఎందుకన్నావు?"

"నాది రాత్రి డ్యూటీ డాక్టరమ్మా. సబ్బుల ఫ్యాక్టరీలో. ఇది వాళ్ల నాన్న దగ్గర పడుకునేది. నేను పొద్దున ఇంటికొచ్చేసరికి రోజూ ఓ కొత్త బొబ్బ. ఆయన సిగరెట్లు కాలుస్తాడు. నేను కాదే, నన్ను నమ్మవే అని మొత్తుకున్నాడు. నేను నమ్మలేదు."

డాక్టరమ్మ మాట మార్చడానికి మందు గొట్టాలు చేతికి తీసుకుంది.

"సరే, అయిందేదో అయింది. ఇది జాగ్రత్తగా విను. ఈ రాత్రి పాపకి తల నుంచి అరికాళ్ల దాకా ఈ మందు రాయాలి. గోళ్ల కింద కూడా వదలకూడదు. పొద్దున్నే స్నానం. వారం తర్వాత మళ్లీ ఒకసారి. చీముకి వేరే మందు ఇస్తాను. దుప్పట్లు, బట్టలు అన్నీ వేడినీళ్లలో ఉతకాలి. ముఖ్యంగా, ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒకే రోజు రాసుకోవాలి. ఒక్కరు మానేసినా పురుగు మళ్లీ పాప మీదికి వస్తుంది. ఇదిగో, నీకొకటి, మీ ఆయనకొకటి."

తల్లి ఒక్క గొట్టమే తీసుకుంది. "ఆయనకి అక్కర్లేదు డాక్టరమ్మా."

"అక్కర్లేదంటే కుదరదు. దురద లేకపోయినా రాసుకోవాల్సిందే. నంబరు చెప్పు, నేనే మాట్లాడతాను."

"ఎత్తడు."

"కోపంగా ఉన్నాడా? ఉండడా మరి! ఆయన మీద ఈగ వాలకూడదనే కదా నువ్వు జైలుకి కూడా సిద్ధపడ్డావు. ఆ మాట చెబితే కోపం అదే పోతుంది."

తల్లి నిద్రపోతున్న పాప వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆయన కోసం కాదు డాక్టరమ్మా. ఆయన పేరెత్తితే వెతుక్కుంటూ మా ఇంటికెళ్తారు... మొన్న పొద్దున నేనక్కడ చేసొచ్చిన పని చూసేస్తారు."