దున్నగారి సంతానం

"ముందు దున్న పని కానివ్వండి డాక్టరుగారూ. మీ మందు తర్వాత," అంది బసవమ్మ, గేదె పలుపు బిగించి పట్టుకుని.

పశువుల డాక్టరు క్రీస్తుదాసు మోచేతి దాకా రబ్బరు తొడుగు వేసుకుని, పెళ్లిలో ఫొటోలవాడిలా ఓ పక్కకి ఒదిగి నిలబడ్డాడు.

చిలకలూరిపేట దగ్గరి ఆ ఊరికి ఆయన ఎనభై మూడులో వచ్చాడు, సూదిమందుతో గేదెల్ని చూడి కట్టించే కేంద్రం తెరవడానికి. సూదితో చూడేమిటని ఊరు పడీపడీ నవ్వింది. తండ్రి లేని దూడ తన కొట్టంలో పుట్టడానికి వీల్లేదంది బసవమ్మ. పాలు ఆస్పత్రి కంపు కొడతాయన్నాడు బుల్లయ్య. ఆయనకు మరి సొంత దున్నపోతు ఉంది. పేరుకే దున్న, ఏనాడూ గజం నేల దున్నలేదు. దాని సేద్యం వేరు. ఎదకొచ్చిన ప్రతి గేదే దాని ముందుకే వచ్చేది.

చివరికి డాక్టరే దిగొచ్చాడు. దున్న పని దున్నే చేస్తుందనీ, ఆపైన చూలు జారిపోకుండా బిగింపు మందు మాత్రం తాను వేస్తాననీ అన్నాడు. భోజనం తర్వాత కిళ్లీ లాంటిదేలెమ్మని ఊరు ఒప్పుకుంది.

మూడేళ్లు తిరిగేసరికి ఊరంతా దూడలే. దున్న మెడకు దండ పడింది, బుల్లయ్య మీసానికి మెలి పడింది.

అప్పుడొచ్చాడు జిల్లా అధికారి, తనిఖీకి. కేంద్రం రిజిస్టరులో సూదికి పుట్టిన దూడలు యాభై మూడని ఉంది. ఆయన మిరప కల్లాల వెంట తిరిగి ఇల్లిల్లూ అడిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, మా దూడ బుల్లయ్య దున్నదేనని. బసవమ్మ అయితే దూడ చెవులు సాగదీసి చూపించి, అచ్చం తండ్రి పోలికేనంది.

అధికారి మొహం పండుమిరపకాయైంది. ఆస్పత్రికి తిరిగొచ్చి తలుపు వేశాడు.

"దున్న కన్న దూడల్ని నీ సూది కింద రాసుకుంటావా? రేపటికి నీ ఉద్యోగం ఉండదయ్యా."

క్రీస్తుదాసు రిజిస్టరు ముందుకు జరిపాడు.

"యాభై మూడూ నా సూదివేనండి."

"ఊరు ఊరంతా దున్నవేనంటోంది. నీవేననడానికి రుజువేమిటి?"

క్రీస్తుదాసు కిటికీలోంచి అటూ ఇటూ చూసి, బుల్లయ్య దరిదాపుల్లో లేడని రూఢి చేసుకుని, రెక్కలు మూశాడు. అధికారి చెవి దగ్గరకు వంగాడు.

"ఆ దున్నకు ఊరు ఒప్పుకున్న వారమే, టీకా వంకతో కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసేశానండి."