ఐదు చుక్కలు

"ఆ కాలు వదులు. పిల్లాడి ఒంట్లో రక్తమంతా తోడేస్తావా?"

వెల్డర్ అరుపుకు వార్డులో తక్కిన బాలింతలు తిరిగి చూశారు.

నర్సు తలెత్తలేదు. మూడోరోజు బిడ్డ మడమ మీద చిన్నగా పొడిచి, అట్టకార్డు మీది గుండ్రటి గీతల్లో ఒక్కో చుక్క అద్దుతోంది. మొత్తం ఐదు చుక్కలు కావాలి. రెండు పడ్డాయి.

"ఇంకో మూడే, బాబూ. నిమిషం పట్టదు."

"చాల్లే." బిడ్డను లాక్కున్నాడు.

పెళ్లైన తొమ్మిదేళ్లకు పుట్టిన కొడుకు. అందులోనూ ఎంత బుద్ధిమంతుడు. అంత పొడిచినా గట్టిగా కేర్‌మననైనా లేదు. "మావాడు అసలు ఏడవడు" అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు వెల్డర్.

ఆరోనాడు నర్సు ఇంటికే వచ్చింది. మూడంతస్తులెక్కి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది.

"కార్డు వెనక్కొచ్చింది. రెండు చుక్కలు చాలవట. మళ్లీ తీయాలి."

"ఎందుకట?"

"మెడలో ఉండే గ్రంథి పనిచేస్తోందో లేదో తెలుస్తుంది."

"వాడికేం రోగం? చూడు, ఎంత హాయిగా పడుకున్నాడో. పాలకు కూడా మేమే లేపాలి."

ఆమె ముఖం మారింది. "లేపాలా? కళ్లలో కామెర్ల పచ్చదనం తగ్గిందా?"

"లేని జబ్బులు అంటగట్టకు." తలుపు ధడాలున మూశాడు.

ఎనిమిదోనాడు మళ్లీ వచ్చింది. ఈసారి మెట్ల మీదే ఆపి, నాలుగిళ్ల వాళ్లూ వినేలా చీవాట్లు పెట్టాడు.

పదోనాడు అతను షెడ్డులో ఉండగా వచ్చింది. అత్తగారు బిడ్డ కాలు చేతికిచ్చింది.

సాయంత్రం మడమకు అంటించిన దూది చూసేసరికి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకు బుద్ధుందా అత్తయ్యా?"

"ఏం చేయను నాయనా? వెళ్లగొడితే మెట్ల మీదే కూర్చుంటానంది."

మర్నాడే ఆస్పత్రి పెద్దడాక్టరుకు ఉత్తరం రాసిచ్చాడు. తను లేని సమయం చూసి ఇంట్లో దూరిందని, పసివాడి రక్తం దొంగిలించిందని. ఆమెను పనిలోంచి తీసేశారని తెలిసిన పూట, తిక్క కుదిరిందనుకుని కడుపునిండా తిన్నాడు.

రెండురోజులు తిరక్కుండానే, పదోనాటి కార్డు ఫలితం చూసి పిల్లల డాక్టరమ్మ పిలిపించింది. బిడ్డ మెడకు స్కాన్ తీయించి, ఎదురుగా కూర్చోబెట్టింది.

"కడుపులో పిండానికి నెల నిండకముందే నాలుక మొదట్లో ఒక గ్రంథి పుడుతుంది. మెల్లగా మెడలోకి దిగుతూ పెరగాలి. మీవాడికి అది దిగలేదు. నాలుక దగ్గరే గింజంతై ఆగిపోయింది."

వెల్డర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు కదమ్మా?"

"అన్నాళ్లూ ఆ లోటును తల్లి రక్తం సర్దుకొచ్చింది. ఇప్పుడిక వాడి ఒంటికి వాడే దిక్కు. రోజూ మాత్ర వేస్తే అందరు పిల్లల్లా పెరుగుతాడు. ఇంకొన్ని నెలలు ఆగి వచ్చుంటే బుద్ధి ఎదిగేది కాదు. ఏడవకపోవడం, మొద్దునిద్ర... అవే దాని గుర్తులు."

"ఆ నర్సమ్మ..."

"నీ ఉత్తరమేగా ఆవిణ్ని పనిలోంచి తీయించింది." డాక్టరమ్మ కోపం దాచుకోలేదు. "కార్డు చెడితే మేం ఒక ఫోను చేసి వదిలేస్తాం. ఇళ్ల చుట్టూ తిరగమని ఆవిడకెవరూ చెప్పలేదు. అయినా తిరిగేది. ఈ వారం మరో మూడు కార్డులు వెనక్కొచ్చాయి. నువ్వెళ్తావా?"

ఉత్తరం వెనక్కి తీసుకుంటానని పెద్దడాక్టరు గదికి పరిగెత్తాడు. నర్సు స్థానంలో అప్పటికే వేరే మనిషిని వేశారట. చెప్పుతో తనను తాను కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది వెల్డర్‌కు.

ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తలుపు తీసే ఉంది. నర్సు నేలమీద కూర్చుని, కుర్చీలో ఉన్న ఒకావిడకు చెప్పుల పట్టీలు పెడుతోంది. ఆవిడకు ముప్పై ఏళ్లుంటాయి. వెల్డర్‌ను చూసి పసిపిల్లలా నవ్వింది.

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను..."

నర్సు కోపంగా చూసింది. "అది తరవాత. డాక్టరమ్మ అంతా చెప్పింది. మాత్ర పాలసీసాలో కలపడం లేదు కదా? చెంచాలో నలిపి పట్టాలి. రోజూ ఒకే వేళకి."

"అలాగేనమ్మా. మీమీద అంత నోరు పారేసుకున్నాను. అయినా ఎందుకొచ్చారమ్మా, అన్నిసార్లు?"

ఆమె రెండో పట్టీ బిగించి, కుర్చీలోని ఆవిడ పాదం మెల్లగా నేలకు దించింది.

"మా అమ్మాయి. అప్పట్లో ఈ కార్డులు లేవు, మూడేళ్లొచ్చాక గాని తెలీలేదు. అప్పటికే నేను నర్సుని. నా బిడ్డ అసలు ఏడవదని వార్డంతా తిరిగి చెప్పుకుని మురిసిపోయాను, బాబూ."