జానెడు సందు

"వస్తోంది నీ చుట్టం," అన్నాడు తాళం చెవి చేయించుకోవడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్, నవ్వు ఆపుకుంటూ.

తాళాలాయన తల ఎత్తలేదు. ఆ చక్రాల చప్పుడు అతనికి తెలుసు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆకురాయితో చెవిని అరగదీస్తూనే ఉన్నాడు.

టీచరమ్మ చక్రాల కుర్చీ బడ్డీ ముందు ఆగింది. ఫుట్‌పాత్ మీద అతని బడ్డీకీ, పక్కనున్న గోడకీ మధ్య జానెడు సందు. పిల్లి పడుతుంది, కుర్చీ పట్టదు. ఆమె పనిచేసే బడి బడ్డీకి అవతల ఇరవై గజాల్లో ఉంది. అక్కడికి చేరాలంటే వెనక్కి తిరిగి, బ్యాంకు గేటు దగ్గరున్న వాలులోంచి రోడ్డు మీదికి దిగి, బస్సుల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోవాలి.

"అన్నా, నువ్వు చేసే చెవులు ఊళ్లో అందరి తలుపులూ తీస్తాయి. నా దారి మాత్రం మూసుకు కూర్చున్నావు."

"ఎక్కడికి పొమ్మంటావమ్మా?"

"ఎక్కడికైనా పో. కాళ్లున్నోడివి, నీకేం?"

పోస్ట్‌మ్యాన్ కిసుక్కుమన్నాడు. తాళాలాయన చెవిని వెలుతురుకు పట్టి చూశాడు. రజను ఊది పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టాడు.

వీధిలో అతని గురించి ఒకటే మాట. చేతులు బంగారం, ఒళ్లు బద్ధకం. పైఅరలో ఉన్న తాళం కావాలంటే కొనేవాళ్లే చెయ్యి చాపి తీసుకోవాలి. టీ ఎవరో ఒకరు తెచ్చి అందించాలి. జల్లు కొడితే రేకు దించిపొమ్మని దారినపోయేవాళ్లని కేకేస్తాడు. "మహారాజుగారు సింహాసనం దిగరు," అని ఎగతాళి. ఆ పేరుతో అతనికి పేచీ లేదు. అంతకంటే పాడు పేర్లు చిన్నప్పుడే విని ఉన్నాడు.

వీధి నిద్ర లేవకముందే బావమరిది ఆటోలో తెచ్చి దింపుతాడు. ఉన్న సామానేదో బడ్డీ వెనక పెట్టి, గోనెపట్టా కప్పి పోతాడు. మళ్లీ వీధి సద్దుమణిగాకే వస్తాడు.

టీచరమ్మ మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. ఆమె పోరు పడలేక ఫుట్‌పాత్ మీది పూలకుండీలు పోయాయి, దుకాణాల బోర్డులు పోయాయి, బైకులు కూడా పోయాయి. బడ్డీ ఒక్కటే మిగిలింది. దాన్ని ఎత్తించడానికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఇద్దరికీ తాళాలాయన రేకు పెట్టెలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. ఇద్దరూ చదువుకుని, "దీని జోలికి పోలేం" అని వచ్చినదారే పట్టారు. పెద్దవాళ్ల సిఫారసు ఉంది కాబోలు అనుకుంది వీధి.

సోమవారం సాయంత్రం వాన వెలిసింది. టీచరమ్మ రోడ్డు మీద వస్తుండగా కుర్చీ ముందు చక్రం నీళ్లగుంటలో దిగబడింది. ఆమె బోర్లా పడింది. వెనకాలే వస్తున్న బస్సు కీచుమంటూ, ఆమె తలకి జానెడు దూరంలో ఆగింది.

బ్యాంకు కాపలావాడు పరిగెత్తాడు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ పారేసి పరిగెత్తాడు. సగం వీధి పరిగెత్తింది. తాళాలాయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, నోరు తెరుచుకుని, ఉన్నచోటే ఉండిపోయాడు.

మర్నాడు ఆమె మోచేతికి కట్టుతో వచ్చింది. ఈసారి "అన్నా" అని పిలవలేదు.

"అందరూ వచ్చారయ్యా. పదడుగుల దూరంలో ఉండి నువ్వొక్కడివే కదల్లేదు. మనిషివేనా?"

"తప్పేనమ్మా."

"ఎంత చల్లగా చెప్పావు!" అని, నొప్పిచేత్తోనే చక్రం తిప్పుకుని, మళ్లీ రోడ్డు మీదికే దిగింది.

గురువారం కొత్త ఆఫీసరు వచ్చాడు. ఊపిరి పీల్చుకునే తీరిక లేని మనిషి.

"ఏవయ్యా, నీ దగ్గరేదో కాగితం ఉందటగా. ఏదీ, చూపించు. ఉంటే నా దారిన నేను పోతా."

తాళాలాయన చెయ్యి రేకు పెట్టె మీదికి పోయింది. వాళ్లమ్మ కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించిన కాగితం అది. అది ఉంటే బడ్డీ ఉంటుంది. బడ్డీ ఉంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అతను రోడ్డు వైపు చూశాడు. గుంటలో నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

పెట్టె మూత తియ్యలేదు.

"ఎలకలు కొట్టేశాయి సార్."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు. రేపు ఎత్తేస్తాం. నీకు ఇంకో చోటు చూస్తాంలే."

చూస్తారని ఆ చెప్పినవాడూ అనుకోలేదు, విన్నవాడూ అనుకోలేదు.

శుక్రవారం క్రేన్ వచ్చింది. దాని వెనక వీధంతా వచ్చింది. మూడేళ్ల పోరు కళ్లారా చూసుకోవడానికి టీచరమ్మ కూడా వచ్చి, కాస్త దూరంలో కుర్చీ ఆపుకుంది.

"దిగవయ్యా మహారాజా! నిన్ను కూడా కలిపి ఎత్తమంటావా?" అన్నాడు ఆఫీసరు.

జనం ఘొల్లుమన్నారు.

"మా బావమరిది వస్తున్నాడు సార్. పది నిమిషాలు."

"దిగడానికి కూడా బావమరిది కావాలా నీకు?"

"అలవాటు సార్."

ఈసారి టీచరమ్మ కూడా నవ్వింది.

బావమరిది ఆటో ఆపాడు. ఎవరి మొహమూ చూడకుండా బడ్డీ వెనక్కి పోయి, గోనెపట్టా లాగాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

క్రేన్ బడ్డీని ఎత్తి లారీ మీద పెట్టాక, ఖాళీ అయిన ఆ ఫుట్‌పాత్ మీద మొట్టమొదట కదిలిన చక్రాల కుర్చీ టీచరమ్మది కాదు, తాళాలాయనది.