పొగరుబోతు పెట్ట

ఎర్ర పెట్ట మాయమైంది. దొంగ ఎవరో కనకరత్నం వెతక్కుండానే తేల్చేసింది.

"ఇంకెవరండీ? గోడవతల గంగాలమ్మే. చేపలు తిని తిని మొహం మొత్తినట్టుంది, కోళ్ళ మీద పడ్డారు" అంది మొగుడితో.

చలమయ్య పోర్టులో క్రేన్ ఆపరేటరు. అంతంత బరువులు ఎత్తి దించే మనిషి ఇంట్లో మాత్రం నోరు ఎత్తడు. "నువ్వు చూసేవా?" అని అడిగాడు, అదే ఎక్కువ.

"చూడాలా? ఆ మొహం చూస్తే తెలీదూ!"

అది అల్లాటప్పా పెట్ట కాదు. అమలాపురం దగ్గర పుట్టింటి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న పెట్ట. యారాడ మొత్తానికి జాతి పెట్ట అదొక్కటేననీ, మిగతావన్నీ కాకులేననీ కనకరత్నం నమ్మకం. మనుషుల సంగతిలోనూ ఆవిడ లెక్క ఇంచుమించు ఇంతే. ఇక్కడ ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా గంగాలమ్మ గడప తొక్కలేదు. ఆ ఇంటి పుంజు గోడ దూకి వస్తే, కర్ర పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమేది.

బంగారంలాంటి ఆ పెట్టకి ఈమధ్య ఒక జబ్బు చేసింది. పొదుగుకొచ్చి, ఖాళీ గంపలోంచి లేవనంది. కనకరత్నానికి కావలసింది రోజూ అట్టులోకి గుడ్డు. పిల్లలెవరికి కావాలి? బకెట్టు నీళ్ళలో ముంచింది. గంప లాగేసి ఎండలోకి తోలింది. పెట్ట లేచి మామూలుగా తిరిగింది. తన వైద్యం పారిందని ఆవిడ మురిసిపోయింది.

అయినా గూట్లో గుడ్డు కనబడలేదు. గంగాలమ్మే తీస్తోందని తీర్మానించింది. తర్వాత పెట్టే పోయింది. ముందు గుడ్లు, ఆనక కోడి. దొంగబుద్ధి ఎలా పెరుగుతుందో వీధికంతా వివరంగా చెప్పి వచ్చింది.

వీధి నమ్మింది. గంగాలమ్మ చేపల తట్ట దింపించుకునే ఇళ్ళు తగ్గాయి. నెత్తి మీద తట్ట అలాగే ఉండిపోయిన రోజు గంగాలమ్మ గేటు దగ్గరకొచ్చింది.

"అమ్మగారూ, నా నోటికాడ కూడు పోతంది. ఓపాలి మా యింటికొచ్చి సూసుకోండి..."

"మీ ఇంటికా! ఆ కంపులోకి నేను రావాలా?"

"అది కాదమ్మా, నాను సెప్పేది ఇనండి..."

కనకరత్నం గేటు గడియ పెట్టి, లోపలికెళ్ళి టీవీ సౌండు పెంచింది. చూసుకోమని పిలవడానికి ఎంత ధైర్యం! ఈకలు కూడా పాతేసి ఉంటుంది.

ఊరికే వదిలిపెట్టే మనిషి కాదు. గంగాలమ్మకీ ఒక ఎర్ర పెట్ట ఉందనీ, అది పొదుగు మీద ఉందనీ విన్నది. కోడికి కోడి. మర్నాడు గంగాలమ్మ తట్టతో పూర్ణా మార్కెట్‌కి ఆటో ఎక్కింది. ఆమె మొగుడు తాతబాబు వేటకి పోయాడు. కనకరత్నం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, పెరటిగోడ కూలినచోట అటువైపు దిగింది.

ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. పాకలో పాత వలల కుప్ప మీద ఎర్ర పెట్ట ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుంది. చెయ్యి పెట్టగానే రక్తం వచ్చేలా పొడిచింది.

"ఎంత పొగరే! ఎవరి కోడికి వాళ్ళ బుద్ధే వస్తుంది" అంది కనకరత్నం. తన పెట్ట ఏనాడైనా ఇలా చేసిందా? కన్నబిడ్డలా ఒళ్ళో ఒదిగేది, పాపం. తువ్వాలు కప్పి దీన్ని ఒడిసిపట్టింది. కింద గుడ్లున్నాయి. పొదుగు గుడ్లు తినడానికి పనికిరావని వాటి వంక మళ్ళీ చూడలేదు.

ఈకలు పీకుతూ చలమయ్య నసిగాడు. "గుండె మీద చర్మం బోడిగా ఉందేంటే? కండ కూడా లేదు."

"వాళ్ళు తిండి పెడితే కదండీ! మాట్లాడకుండా ముక్కలు కొట్టండి."

ఆవిడ రెండుసార్లు వడ్డించుకుని తింది. మసాలా ఎంత దట్టించినా చేపలవాసన పోలేదని, అడుగూబొడుగూ గిన్నెలో వదిలేసింది. చేపలోళ్ళ కోడి మరి ఎలా ఉంటుంది! అన్నాళ్ళకి ఆవిడకి హాయిగా నిద్రపట్టింది.

ఆ తర్వాత ఒక ఆదివారం గేటు చప్పుడైంది. గంగాలమ్మ. చేతిలో గుడ్డ కప్పిన బుట్ట. కనకరత్నం గేటు దాకా వచ్చింది. అడిగితే ఏమనాలో ఎప్పుడో తయారుగా పెట్టుకుంది: మాకేం తెలుసు, ఏ పిల్లి పట్టుకెళ్ళిందో.

"మళ్ళీ ఎందుకొచ్చావే? నీ కోడి సంగతి నన్నడగొద్దు" అంది గేటు మూయబోతూ.

"నా కోడికేటయ్యిందమ్మా? నిక్షేపంలాగుంది."

కనకరత్నం చెయ్యి గడియ మీద ఆగిపోయింది. గంగాలమ్మ బుట్ట మీద గుడ్డ తీసింది. లోపల కిచకిచమంటూ పిల్లలు.

"మీ పెట్టే దొంగసాటుగా మా వలల మీద గుడ్లెట్టి పొదుక్కి కూకుందమ్మా, కదిపితే గుడ్లొగ్గేత్తాదని నాను ముట్టలేదు, ఈలోగా దాన్ని ఏ పిల్లి ఎత్తుకుపోనాదో గానీ, గుడ్లు మా పెట్ట కిందెట్టి పొదిగించినాను, ఇయిగో, మీ పిల్లల్ని మీరు తీసుకోండి."