మొదటి బంతి

పౌలు గారు పోయి ఏడాదయింది. అయినా ఆయన వల్ల ఆ ఇంట్లో భోజనం ఇప్పటికీ వేళకు జరగదు. ఉన్నన్నాళ్లు ఏదో ఒక మిల్లు గేటు దగ్గర పంచాయితీ తెంపుతూ ఇంట్లో అన్నం చల్లారబెట్టాడు. ఇప్పుడు లక్సెట్టిపేట సమాధుల తోటలో నిశ్చింతగా పడుకుని, తన జ్ఞాపకార్థ కూడికలో మటన్ చల్లారబెడుతున్నాడు.

వంటవాళ్లు సమ్మెకు కూర్చున్నారు.

లేబర్ ఆఫీసరు ఇంట్లో సమ్మె! గిన్నెల మీద గంటెలు అడ్డంగా పెట్టేసి, షామియానా వెనక నేల మీద బాసింపట్టు వేసుకుంది వంటపెద్ద ఎల్లక్క. ఆమె చుట్టూ మిగతావాళ్లు. ఇటు ముందు వరుసలో ఆదిలాబాద్ నుంచి వచ్చిన జిన్నింగు మిల్లు సేటు, కార్మిక శాఖ అధికారులు, పౌలు గారి భార్య రిబ్కమ్మ, హమాలీ సంఘం పెద్ద అంకయ్య. అందరూ ప్రసంగం వింటున్నట్టే ఉన్నారు గానీ ముక్కులు మాత్రం గిన్నెల వైపు తిరిగి ఉన్నాయి.

మైకులో కూతురు రెబెకా మాట్లాడుతోంది. “బాపు ఫోను భుజం మీద పెట్టుకొని, సేటును బతిలాడి బుదరకిచ్చుకుంటనే నాకు జడలేసేటోడు. అవతల సేటు ఒప్పుకుంటే జడ లూజయ్యేది. మొండికేస్తే నా తల నొచ్చేది.”

అందరూ నవ్వారు. సేటు తల వంచుకుని నవ్వాడు. నవ్వనిది కొడుకు జోయల్ ఒక్కడే. అతను హైదరాబాదులో పెద్ద కంపెనీకి హెచ్చార్ మేనేజరు. అక్కడ ఎవరూ నేల మీద కూర్చోరు. కోపమొస్తే మెయిల్ పెడతారు.

“లేస్తరా, మంచిర్యాల నుంచి వేరేటోళ్లను పిలువాల్నా?” అన్నాడు ఎల్లక్క నెత్తిమీద నిలబడి.

“పిలువు బిడ్డా. వాళ్లు మా చిన్నమ్మ కొడుకులే. వాళ్లకు గూడ ఈడ జాగ ఉన్నది.”

జోయల్ పరుగున వచ్చి తల్లి చెవి దగ్గర వంగాడు. “అవ్వా, నువ్వన్న చెప్పు. నీ మాటింటరు.”

రిబ్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకేమెరుక బిడ్డా? పొద్దుగాల నువ్వే అంటివి గద, ‘సప్పుడు జేయక కూసో అవ్వా, అంత నేను జూసుకుంట’ అని. కూసున్న.”

“గింత మందిల పరువు పోతదే!”

“పోతది,” ఒప్పుకుంది రిబ్కమ్మ. “గదే మీ బాపు అయితేనా...”

“బాపు ముచ్చట తర్వాత!”

రెబెకా మాట్లాడటం అయిపోయి మైకు తమ్ముడి చేతికిచ్చింది. అప్పుడే అతని చూపు అంకయ్య మీద పడింది. సమ్మె అంటే అంకయ్య, అంకయ్య అంటే సమ్మె. ఇంతసేపూ తట్టనే లేదు.

“గిదంత నీ పనే కద కాకా? బాపు పేరు చెప్పుకొని పెద్దమనిషివైనవ్. ఇయ్యాల ఆయన కూడికనే ఖరాబు చేస్తున్నవ్.”

మైకు ఆన్‌లో ఉంది. షామియానా అంతా విన్నది. పాస్టరు గారు గబగబా మైకు లాక్కుని పాట ఎత్తుకున్నారు.

“నేను కూసోబెడితే గింత సల్లగ కూసుంటరా?” అంకయ్యకు ముందు పనితనం గురించే కోపమొచ్చింది. “జెండా ఏది? నినాదమేది?” తర్వాత ఆయన గొంతు తగ్గింది. “మీ బాపుతోని శానసార్లు కొట్లాడిన. గని ఆయన ఇంట్ల గింత మాట ఎన్నడు పడలే.”

లేచి, కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు.

రిబ్కమ్మ నోటి మీది కొంగు జారింది. “అన్నా, జర ఆగు. నా మాట ఇని జరసేపు ఆగు.” కొడుకు వైపు తిరిగింది. “మీ బాపు ఎన్నడు నిలబడి అడుగలే. పోయి కింద కూసోరా!”

జోయల్ వెళ్లాడు. ఇస్త్రీ ప్యాంటు పైకి లాక్కుని మట్టిలో కూర్చున్నాడు.

“ఏం కావాలె మీకు?”

“మొదటి బంతి,” అంది ఎల్లక్క.

“అంటే?”

“ఈ ఇంట్ల వండినోళ్లదే మొదటి బంతి. మేం తిన్నంకనే సారు చుట్టాలకు వడ్డించనిచ్చేటోడు. నువ్వేమో, పెద్ద సార్లు పోయేదాక పళ్లెం ముట్టొద్దంటివి.” ఎల్లక్క తను కూర్చున్న నేలను అరచేత్తో తట్టింది. “నీ పెండ్లి ఫొటోల బాపు లేడని అలిగినవ్ గద? గప్పుడు గీ ఎనక మాకు పప్పు పోస్తుండె.”

జోయల్ ప్యాంటుకంటిన మట్టి కూడా దులుపుకోలేదు. లేచి వెళ్లి పళ్లాలు తెచ్చాడు. ఒక్కొక్కరి ముందు పెట్టాడు. గంటె తీసి మటన్ వడ్డించాడు, అతిథులంతా చూస్తుండగా. మిల్లు సేటు కూడా లేచొచ్చి నీళ్ల జగ్గు అందుకున్నాడు.

ఒక్కరూ ముద్ద ముట్టలేదు.

“ఇంకేంది? ఒప్పుకున్న గద!”

“నువ్వొప్పుకుంటే సాలదు బిడ్డా. మమ్ముల కూసోబెట్టినోళ్లు ఊ అనాలె.”

“ఎవరు? అంకయ్య కాకనే గద?”

ఎల్లక్క నవ్వి, గడ్డంతో ముందు వరుస వైపు చూపించింది.

జోయల్ తిరిగి చూశాడు. గంటె చేతిలో పట్టుకునే నడిచి, పాస్టరు గారి దగ్గర మైకు అడిగి తీసుకున్నాడు.

“అంకయ్య కాకా, చెప్పులిడిసి కూసో. తప్పు నాదే. సమ్మె జేయించింది నువ్వు గాదు... మా అవ్వ!”