మందారం కొమ్మ

కిష్టవ్వ మందారాకు దంచిన జిగురుతో కోడలు అనసూర్యకు తలంటుతోంది. కొడుకు నిరుడు బొగ్గుబాయిలో పోయాడు. ఇప్పుడు కోడలికి చొప్పదండిలో మారుమనువు కుదిరింది. ఆమె అన్న ఎల్లేశం బండి కట్టుకొని వచ్చాడు.

"నన్ను ఎల్లగొట్టనీకి గింత తొందరనా అత్తమ్మా?"

"కండ్లు మూసుకో. జిగురు పడ్తది."

"నేను పోతే నీ తలకెవరు రుద్దుతరు?"

"నా తలల ఎంటికలేడున్నయే!"

కిష్టవ్వ ఆమె తల తుడిచి, జడ అల్లి, నడుం పట్టుకొని లేచింది. పెరట్లో మందారం ముదురు కొమ్మ ఒకటి కోసి ఇచ్చింది.

"నాటుకో. ఎండకు చావదు. నరికినా చిగురుస్తది."

ఎల్లేశం అడ్డం వచ్చాడు. "వద్దవ్వా. మొదటి అత్తగారింటి పుల్ల గూడ గా గడప దాటొద్దని చొప్పదండోళ్లు అన్నరు."

కిష్టవ్వ కొమ్మకు తడిగుడ్డ చుట్టింది.

"తల్లిగారింటి కొమ్మ అని చెప్పు బిడ్డా."