అడిగితేనే

తలుపు గడియకి నాలుగు మరలుండాలి. రెండే ఉన్నాయి. బయట నుంచి దెబ్బ పడ్డప్పుడల్లా వాటిలో ఒకటి కొద్దికొద్దిగా బయటికి వస్తోంది. అంపైర్ దాని మీది నుంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

అది మైదానం పక్కన సామాన్ల గది. బ్యాట్లు, చిరిగిన గ్లోవ్స్, గీతలు గీసే సున్నం బస్తాలు. లోపల ఆయనతో పాటు టోర్నమెంట్ సెక్రటరీ ఉన్నాడు. కుర్చీ ఉన్నా ఇద్దరూ కూర్చోలేదు.

బయట ఉన్నది క్రేన్. క్రేన్లు అద్దెకిస్తాడని ఆ పేరు వచ్చింది. మనిషిని చూసినా అదే పేరు పెట్టబుద్ధవుతుంది. ఇవాళ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ ఫైనల్లో ఆయన కూతురు ఆడింది. ఆటకి ముందు వచ్చి అంపైర్‌తో చెయ్యి కలిపాడు. కలిపిన చెయ్యి వెంటనే వదల్లేదు.

"ఆట బాగా చూడండి మాస్టారూ. నేను మిమ్మల్నే చూస్తుంటా."

నవ్వుతూనే అన్నాడు. వారమంతా బళ్లో బొమ్మలు నేర్పే చెయ్యి అంపైర్‌ది. వేళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

చివరి ఇన్నింగ్స్ దాకా స్కోరు సమానం. అప్పుడు క్రేన్ కూతురు రెండో బేస్ నుంచి పరుగు అందుకుంది. ఏ బేస్ చేరినా ముందు గ్యాలరీలో తండ్రి మొహం చూసుకునే పిల్ల. మూడో బేస్ దగ్గరా అటే చూసింది. అలాగే ఆఖరి బేస్, హోమ్ దాకా వచ్చేసింది. గెలుపు పరుగు. జనం లేచి నిలబడ్డారు.

కానీ ఆమె మూడో బేస్ తొక్కలేదు. బూటుకీ ఆ తెల్లటి దిండుకీ మధ్య అరచెయ్యి వెడల్పు ఖాళీ. అంపైర్ చూశాడు. అక్కడ కాపలా ఉన్న ఎదుటి జట్టు పిల్ల, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, బంతి కోసం అటు తిరిగి ఉంది.

బేస్ తొక్కకుండా దాటితే అవుటే. కానీ చూసినా అంపైర్ నోరు విప్పకూడదు. అది నియమం. ఎదుటి జట్టు అడిగితేనే చెప్పాలి. వాళ్లు అడక్కుండా మైదానం దాటితే ఆ పరుగు పరుగే. అంతవరకు ఆయన అక్కడే ఉండాలి.

ఉన్నాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, ఎవరూ అడక్కపోతే బాగుండుననుకున్నాడు. వెళ్లిపోండమ్మా, తొందరగా వెళ్లిపోండి, అని లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

అందరూ వెళ్తున్నారు. పిచ్చుక మాత్రం మూడో బేస్ దగ్గర కూలబడి ఏడుస్తోంది. గెలిచిన జట్టు గెంతులేస్తోంది. క్రేన్ కూతురు వాళ్లలోంచి వచ్చి పిచ్చుకని కావలించుకుని, కళ్లు తుడిచి వెళ్లింది. గ్యాలరీలో ఎవరో చప్పట్లు కొట్టారు. పిచ్చుక ఇంకా లేవలేదు. అంపైరే దగ్గరికి వెళ్లి వంగి, "లేమ్మా, ఇంక పద" అన్నాడు.

పిచ్చుక లేచింది. ముక్కు తుడుచుకుంది.

"సార్, ఏడో నంబరు అక్క ఈ బేస్ తొక్కిందా?"

ఆయన చెయ్యి పిడికిలి బిగించి పైకి లేచింది.

"అవుట్."

పరుగు పోయింది. అదనంగా ఇంకో ఇన్నింగ్స్ ఆడించారు. క్రేన్ కూతురి జట్టు ఓడిపోయింది.

తలుపు మీద మళ్లీ దెబ్బ పడింది.

"బొమ్మలేసుకోక నీకెందుకయ్యా ఈ అవుట్లు?" బయట ఎవరో అరిచారు. ఇంకెవరో నవ్వారు. క్రేన్ నవ్వలేదు.

సెక్రటరీ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పండి మాస్టారూ. ఆ పిల్లకి మీరు అందించారా?"

"లేదండీ."

"ఫోన్లో తీసిన వీడియో చూశాను. ఆ పిల్ల అటు తిరిగి ఉంది. చూసింది మీరొక్కరే. మీరు వంగి ఏదో అన్నారు, అది లేచి అడిగింది. నన్నేమనుకోమంటారు?"

"లేమ్మా, పద అన్నాను. అంతే."

"మరి దానికెవరు చెప్పినట్టు?"

అంపైరూ అదే ఆలోచిస్తున్నాడు.

"పిచ్చుకనీ అడిగాను. పెదవి విప్పదు. మీ వైపు ఒకసారి చూసి తల దించుకుంది." సెక్రటరీ ఆగాడు. "ఒక జట్టుకి చెవిలో ఊదే అంపైర్‌ని మళ్లీ మైదానంలోకి రానివ్వరు మాస్టారూ. నేను కాగితం రాయక తప్పదు."

బయట ఉన్న మనిషి కొడితే నాలుగు రోజులకి తగ్గుతుంది. ఆ కాగితం వెళ్తే, పద్దెనిమిదేళ్లుగా తనిచ్చిన ప్రతి అవుట్‌నీ జనం మళ్లీ తవ్వుతారు. అంపైర్ గోడకి ఆనుకున్నాడు.

మర ఊడి సున్నం బస్తా మీద పడింది. చప్పుడు కూడా కాలేదు.

తలుపు తెరుచుకుంది. క్రేన్ గుమ్మం నిండా నిలబడ్డాడు.

"ఆ పిల్లకి చెప్పిందెవడు? నువ్వు కాకపోతే పేరు చెప్పు. చెప్పి కదులు."

అంపైర్ సున్నం బస్తాల వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

క్రేన్ వెనక ఆయన కూతురు ఉంది. ఏడో నంబరు చొక్కా ఇంకా మార్చుకోలేదు. అంపైర్ కన్నా ఎక్కువగా భయపడిపోయి ఉంది. వెనక నుంచే తండ్రి చొక్కా అంచు పట్టుకుని లాగింది.

"దాన్ని కావలించుకున్నప్పుడు, నేను బేస్ తొక్కలేదు, సార్‌ని అడుగు అని చెవిలో చెప్పింది నేనే నాన్నా."